మోగింది, ఆరిపోలేదు

నేను చేసిన తెలివితక్కువ పనంతా ఒక్క వాక్యంలో ఉంది. ఇంగ్లీషులో అది ‘ఇఫ్ ది ఫైర్ అలారం గోస్ ఆఫ్, స్టాప్ ది మెషిన్’. పత్తి జిన్నింగు యంత్రాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకంలోది. ఆ యంత్రాలు పశ్చిమాఫ్రికాకు పోతున్నాయి. అక్కడ బెనిన్, కోత్ దివ్వార్ లాంటి పత్తి పండే దేశాల్లో అధికార భాష ఫ్రెంచి. అందుకని పుస్తకాన్ని ఫ్రెంచిలోకి మార్చే పని నాకు వచ్చింది. నేను రాసిన వాక్యాన్ని తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది: ‘నిప్పు అలారం ఆరిపోతే యంత్రాన్ని ఆపండి.’

అంటే అది మోగుతున్నంతసేపూ యంత్రం నడుపుకోమని చెప్పినట్టయింది.

అచ్చుకు పోకముందే, ఫ్రెంచి మాతృభాష అయిన ఒకావిడ చదివి ఆపింది. లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. నేను ఆదోనిలో పుట్టినవాణ్ణి. పత్తి మిల్లులో నిప్పంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. పత్తిలో కలిసొచ్చిన రాయో ఇనుపముక్కో యంత్రంలో పడి రవ్వ లేస్తే, గాలిలో తేలే పీచు దాన్ని క్షణంలో అందుకుంటుంది. 170 కిలోల బేలు లోపలికి నిప్పు చేరిందంటే పైకి ఏమీ కనిపించదు, లోపల మాత్రం రోజుల తరబడి రగులుతూనే ఉంటుంది. ఇదంతా తెలిసినవాణ్ణి ఆ వాక్యం రాశాను.

ఎలా రాశానో చెప్పాలి. ఇంగ్లీషు క్రియకు అప్, ఆఫ్, అవుట్, డౌన్ లాంటి చిన్నమాట తగిలితే చాలాసార్లు అర్థం పూర్తిగా మారిపోతుంది. పరాయివాళ్ళకు ఇది ఎంత కష్టమో డాక్టర్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు ముందుమాటలోనే గుర్తించాడు. వీటికి ‘ఫ్రేజల్ వర్బ్’ అన్న పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంతో వ్యాప్తిలోకి వచ్చింది. ఈ సంగతులు నేను చదువుకున్నాను. చదువుకుని కూడా ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఎడమవైపు ఇంగ్లీషు జంట, కుడివైపు దానికి ఒకే ఒక్క ఫ్రెంచి క్రియ. ‘గో ఆఫ్’ ఎదురుగా ‘సెతాండ్ర్’, అంటే ఆరిపోవడం. ‘టేక్ ఆఫ్’ ఎదురుగా ‘దెకొలె’, అంటే విమానం పైకి లేవడం. ‘బిల్డ్ అప్’ ఎదురుగా ‘కోంస్ట్రుయిర్’, అంటే కట్టడం. ఆ పుస్తకం దగ్గరుంటే చాలు, ఏ వాక్యమైనా మార్చగలనని నమ్మాను.

ఆ నమ్మకంతోనే, యంత్రం మీది మూత తీయమన్నచోట ‘దెకొలె’ పెట్టాను. ఆ మాటకు జిగురుతో అంటించింది ఊడదీయడమనే అర్థం కూడా ఉంది. చదివిన ఫిట్టరు మూతకు జిగురెక్కడుందా అని వెతుక్కునేవాడు. అక్కడ ఉండాల్సింది ‘ఆంల్వె’, మామూలుగా తీయడం. రోలర్ల దగ్గర పీచు ‘బిల్డ్ అప్’ కాకుండా చూడమన్నచోట పీచు తనను తాను కట్టుకుంటుందని రాశాను. ‘సక్యుములె’ అని రాయాల్సింది, పేరుకుపోవడం అని.

తప్పులున్న కాగితాలు పట్టుకుని మా చిన్నాయన దగ్గరికి పోయాను. ఆయన ఆదోని మిల్లుల్లో ఫిట్టరుగా పనిచేసినవాడు. ఫ్రెంచి ఆయనకెందుకు వస్తుంది! ఇంగ్లీషు వాక్యం చదివి, యంత్రంలో ఏ భాగం గురించో చెప్పి, అక్కడ ఏం జరుగుతుందని అడిగాను. ఆయన ఆలోచించను కూడా లేదు. పీచు పేరుకుంటాది అన్నాడు. స్క్రూను ‘బ్యాక్ ఆఫ్’ చేయడమంటే కొంచెం వదులు చేయాల అన్నాడు. బెల్టులో ‘స్లాక్’ ఉంటే బిగించుకోవాల, కొత్త మిషను ‘రన్ ఇన్’ అంటే కొన్నాళ్ళు బరువు లేకుండా తిప్పాల. అలారం వాక్యం దగ్గరికి వచ్చేసరికి నా ముఖంలోకి చూశాడు.

“ఆరిపోయేదేంది నాయనా? అది మోగాల కదా!”

ఆయన చెప్పిన ప్రతి క్రియకూ ఫ్రెంచిలో ఒక క్రియ సిద్ధంగా ఉంది. వదులు చేయడం ‘దెసెరె’, బిగించడం ‘తాండ్ర్’, కొత్త యంత్రాన్ని అలవాటు చేయడం ‘రొదె’, అలారం మోగడం ‘సొనె’. తుపాకి పేలినా, దీపం ఆరినా, పాలు విరిగినా ఇంగ్లీషుకు అంతా ‘గో ఆఫ్’. తెలుగూ ఫ్రెంచీ మాత్రం దేని సంగతి దానికి వేరే క్రియతో చెప్తాయి. ‘టర్న్ ఆఫ్’ కూడా అంతే. దీపం ఆర్పుతాం, మిషను నిలుపుతాం, కొళాయి కట్టేస్తాం, కరెంటు తీసేస్తాం. ఫ్రెంచివాళ్ళకూ నాలుగు క్రియలున్నాయి: ఎతాండ్ర్, అరెతె, ఫెర్మె, కుపె. (ఉర్దూ నుంచి వచ్చిన ‘బంద్ చెయ్’ ఒక్కటే మా ఆదోని బజారులో ఈ నాలుగింటికీ సరిపోతుంది. ఇంగ్లీషు పద్ధతి ఏమిటో తెలియాలంటే నాకు ఆ ఒక్కమాట చాలేది.)

ఇక్కడే నా అసలు తెలివితక్కువతనం ఉంది. నోటుపుస్తకం దాని కొస మాత్రమే. యూరపు భాషలు రెండూ పక్కపక్క ఊళ్ళవి, వాటి మధ్య తెలుగుకు పనేమిటి అనుకున్నాను. ఫ్రెంచి నేర్చుకున్నన్నాళ్ళూ తెలుగును బుర్రలోంచి తోసేయడమే సాధన అనుకున్నాను. ఇంట్లో జొన్నరొట్టె తింటూ మాట్లాడే భాష పరీక్షలో అడ్డొస్తుందని భయపడ్డాను.

ఆ భయం ఎంత తప్పో చూడండి. 1958లో వినే, దార్బెల్నే అనే ఇద్దరు పండితులు ఫ్రెంచి, ఇంగ్లీషు శైలులను పోలుస్తూ ఒక పెద్ద పుస్తకం రాశారు. అందులో చూపించిన సంగతి ఇది: ఇంగ్లీషువాడు నదిని ‘స్విమ్’ చేస్తాడు, దాటడమనే ముఖ్యమైన పనిని ‘అక్రాస్’ అన్న చిన్నమాటకు వదిలేస్తాడు. ఫ్రెంచివాడికి దాటడమే క్రియ, ఈత దాని పక్కన చేరే మాట. 1991లో భాషాశాస్త్రవేత్త లియొనార్డ్ టాల్మీ ప్రపంచ భాషలనే ఈ రెండు రకాలుగా విడదీశాడు. మనం ఏమంటాం? ఈదుకుంటూ దాటాడు. పరిగెత్తుకుంటూ బయటికొచ్చాడు. ఈ విషయంలో తెలుగు నిలబడేది ఫ్రెంచి పక్కన. నాకు దారి చూపించే భాషను నేనే గది బయట పెట్టి తలుపు వేసుకున్నాను.

అన్నిచోట్లా తెలుగు దారి చూపిస్తుందని అనను. ఆరిపోయింది, తినేశాడు, చెప్పిపెట్టాడు అన్నప్పుడు ఆ పోవడం, వేయడం, పెట్టడం ఫ్రెంచిలోకి రావు. అక్కడ మళ్ళీ కష్టపడాల్సిందే.

మగ్గం మాటల దగ్గర మాత్రం తెలుగే దారి చూపిస్తుంది. ఎమ్మిగనూరులో మా పెద్దమ్మ వాళ్ళది మగ్గాల ఇల్లు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు అది. సెలవుల్లో ఆ ఇంట్లోనే పెరిగాను. మగ్గం మీద నేసిన బట్టను చుట్టుకోవడాన్ని ఇంగ్లీషులో ‘టేక్ అప్’ అంటారు, పడుగును కొద్దికొద్దిగా వదలడాన్ని ‘లెట్ ఆఫ్’ అంటారు. నిఘంటువులో ‘లెట్ ఆఫ్’ తీస్తే క్షమించి వదిలేయడం ఉంటుంది, టపాకాయ పేల్చడం ఉంటుంది. మా పెద్దమ్మను అడిగితే ముందు చుట్టాల, వెనక వదలాల అంటుంది. ఫ్రెంచివాళ్ళూ ‘ఆంరులె’, ‘దెరులె’ అంటారు. చుట్టడం, చుట్టింది విప్పడం.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదకోశం 1962లో, చేనేత పదకోశం 1971లో వచ్చాయి. నేతగాళ్ళ నోటిమాటలు వాళ్ళ దగ్గరికే వెళ్ళి సేకరించిన పుస్తకం ఆ రెండోది. నేను ఫ్రెంచి నిఘంటువులకు పెట్టిన డబ్బులో కొంచెం దానికి పెట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఏ ఇంగ్లీషు వాక్యం వచ్చినా ముందు మా ఇంటి తెలుగులో పైకి చెప్పుకుంటాను, ఆ తర్వాతే ఫ్రెంచి. ఆదోనిలో జిన్నింగు, ప్రెస్సింగు చేసిన పెద్దవాళ్ళు, ఎమ్మిగనూరులో మగ్గం మీద బతికిన పెద్దవాళ్ళు మీ ఇళ్ళలో ఉంటే, వాళ్ళ పనిమాటలు రాసి పెట్టండి. వస్తువుల పేర్లతో ఆగకండి. ఏది తెగుతుంది, ఏది జారుతుంది, ఏది బిగుస్తుంది, ఏది పేరుకుంటుంది, ఏది మోగుతుంది అన్న క్రియలు కూడా రాయండి. వాళ్ళు ఉన్నప్పుడే రాయండి.