సర్వార్థసాధక సీసా

ద్రవాన్ని సీసాలో నింపడం చేతనైనవారు కోట్ల సంఖ్యలో ఉన్నారు; నింపిన ద్రవం కావలసిన చోట, కావలసినంత, కావలసిన తీరున మాత్రమే బయటికి వచ్చేటట్లు చేయగలిగినవారు బహు కొద్దిమంది. ఆ కొద్దిమందిలోనూ ఒకే సీసా చేత ధార పోయించి, చుక్కలు రాల్పించి, జల్లు కొట్టించి, మంచులాగా చల్లించి, ఇన్ని పనుల తరవాత కూడా అది మూత దగ్గర కారకుండా చూడగలమని నడుం కట్టేవారిది ఒక ప్రత్యేకమైన జాతి. వీరి కృషి ఫలితంగా పుట్టిన బహుళప్రయోజన సీసా సంతల్లోను, బస్టాండు పక్క ప్లాస్టిక్ సామాన్ల అంగళ్లలోను విరివిగా దొరుకుతుంది. "ఇది దేనికి పనికొస్తుందన్నా?" అని కొనేవాడు అడగడం, "దేనికైనా పనికొస్తుందన్నా" అని అమ్మేవాడు బదులు చెప్పడం అక్కడి ఆనవాయితీ. ఆ బదులులోని ధీమా ఎంతవరకు నిలుస్తుందో మదనపల్లె, పుంగనూరు, కుప్పం అనే మూడు ఊళ్ల అవసరాలను గీటురాయిగా పెట్టుకొని పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చల్లే సీసాల వంశవృక్షంలో తెలుగువారికి బాగా తెలిసిన పెద్దమనిషి పన్నీరు బుడ్డి. సన్నని పొడుగాటి మెడ, ఆ మెడ కొసన చిల్లులున్న తల, పట్టుకున్నవారి మణికట్టు విదిలింపు తప్ప దీనికి వేరే యంత్రాంగం లేదు. పెళ్లిపందిరి వాకిట్లో వచ్చిన వారందరి మీదా సమానంగా చల్లమని పెద్దలు చెప్పినా, కళ్లజోడు పెట్టుకున్న మేనమామ మీద ఒక పాలు ఎక్కువ పడటం పరిపాటి. అయినా పన్నీరు బుడ్డికి వందల ఏళ్లుగా చెడ్డపేరు రాలేదు. అది ఒకే పని పెట్టుకొంది, దోమలను చంపుతాననీ అద్దాలు తుడుస్తాననీ ఏనాడూ మాట ఇవ్వలేదు.

పందిరి వాకిట్లోని ఈ విద్యను వైద్యశాలకు చేర్చినవారిలో అమెరికాలోని టొలీడో నగరానికి చెందిన గొంతు వైద్యుడు డాక్టర్ డెవిల్బిస్ ఒకరు. రోగి గొంతులోకి మందును తుంపరగా పంపడానికి ఆయన 1880ల్లో రబ్బరు బుడగ అమర్చిన సాధనాన్ని తయారుచేశాడు. వేగంగా సాగే గాలి దగ్గర పీడనం తగ్గుతుందనీ, ఆ తగ్గుదల సన్నని గొట్టంలోంచి ద్రవాన్ని పైకి లాగి తుంపరగా చీలుస్తుందనీ చెప్పే ఈ సూత్రానికి పునాది డేనియల్ బెర్నూలీ 1738లో ప్రచురించిన గ్రంథంలో ఉంది. 1920ల్లో అమెరికాలో ఇదే పద్ధతి రేకుడబ్బాకు గాలి పంపు తగిలించుకొని, ఫ్లిట్ అనే దోమల మందుతో కలిసి లోకసంచారానికి బయలుదేరి, మన ఇళ్లకు కూడా వచ్చింది. సాయంత్రం దీపాల వేళ తలుపులు మూసి ఫ్లిట్టు కొట్టిన ఇళ్లలో మంచం కింది దోమకంటే ముందు మంచం మీది తాతగారు దగ్గుతూ బయటికి వచ్చేవారు.

నేటి సీసా తలమీద ఉండేది ట్రిగ్గర్, అంటే వేలితో వెనక్కి లాగే మీట. మీటను నొక్కినప్పుడు పాఠ్యపుస్తకాలు ముషలకమనీ మెకానిక్కులు పిస్టననీ పిలిచే చిన్న కడ్డీ లోపలికి జరిగి, గదిలో ఉన్న ద్రవాన్ని ముందుకు తోస్తుంది. వదిలినప్పుడు స్ప్రింగు దాన్ని వెనక్కి నెట్టడం వల్ల సీసా అడుగుదాకా వేలాడే గొట్టంలోంచి కొత్త ద్రవం పైకి వస్తుంది. ద్రవం ఒకే దిక్కుకు పోయేటట్లు కాపలా కాసే భాగాన్ని కవాటం అంటారు; చాలా సీసాల్లో ఆ ఉద్యోగం మిరియపుగింజంత గోలీది. లండనుకు చెందిన హైరమ్ కాడ్ 1872లో పేటెంటు పొందిన గోలీసోడా సీసాలో గ్యాసు ఒత్తిడికి మెడను మూసి కూర్చొనే గాజుగోలీకి ఇది దూరపు చుట్టం. గోలీ కింద ఒక్క ఇసుక రేణువు చేరిందా, మీట ఎంత నొక్కినా గుర్రుమనే శబ్దమే తప్ప చుక్క రాదు. అప్పుడు సీసా పట్టుకున్నవారు మీటను మరింత కోపంగా నొక్కుతారు; కోపంతో పనిచేసే కవాటాన్ని ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఇక పరీక్షలో మొదటి ఊరు మదనపల్లె. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటైన ఈ ఊళ్లో, 2023 జూలైలో కిలో ధర రెండు వందల రూపాయల దరిదాపుకు ఎగబాకి, ఆ తరవాత యథాప్రకారం నేల చూపులు చూసిన టమాటాకు, ధర ఉన్నా లేకున్నా, మందు మాత్రం కొట్టక తప్పదు. సర్వార్థసాధక సీసా పెట్టె మీద ముద్రించే ఉపయోగాల జాబితాలో 'వ్యవసాయం' అన్న మాట సాధారణంగా ఉంటుంది కనుక ఆ మాటను లెక్కగట్టి చూడటం న్యాయం. ట్రిగ్గరును ఒకసారి నొక్కితే వచ్చేది సుమారు ఒక మిల్లీలీటరు. ఎదిగిన టమాటా తోటకు ఎకరానికి కావలసిన మందునీళ్లు సుమారు 200 లీటర్లు. అంటే ఎకరాకు రెండు లక్షల నొక్కులు. సెకనుకు ఒక నొక్కు చొప్పున, కూడూ నిద్రా మాని నొక్కినా, 55 గంటలు పైబడి పడుతుంది. ఈ చివరి సాలు ముగిసేసరికి ఆ చివరి సాలులో పురుగు మనవలను ఎత్తుకొని ఉంటుంది. పదహారు లీటర్ల ట్యాంకును వీపున మోసే రైతు ఇదే పనిని పన్నెండు పదమూడు ట్యాంకుల్లో ముగిస్తాడు. కాబట్టి వ్యవసాయం అన్న మాటను మిద్దె మీది కుండీలో పెరిగే తులసికీ రెండు మిరప మొక్కలకూ వర్తింపజేసుకోవడం ఉత్తమం.

చుక్క ఎంత సన్నగా ఉండాలన్నది మదనపల్లె లేవనెత్తే రెండో ప్రశ్న. ద్రవం తన పైపొరను బిగదీసుకొని గుండ్రంగా ముడుచుకొనే గుణాన్ని తలతన్యత అంటారు. దీన్ని ఓడించి ద్రవాన్ని ముక్కలు చేయడమే నాజిల్, అంటే సీసా తలకుండే సన్నని రంధ్రం, పని. చుక్క వ్యాసాన్ని సగానికి తగ్గిస్తే ఒక చుక్క ఎనిమిది చుక్కలవుతుంది కనుక, అదే మందు ఎక్కువ ఆకును తడుపుతుందని రూపకర్త సంతోషిస్తాడు. అయితే మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాను అనుకుంటే, వంద మైక్రాన్ల చుక్క కదలని గాలిలో పది అడుగుల ఎత్తునుంచి పది పదకొండు సెకన్లలో నేలకు దిగుతుంది. పది మైక్రాన్ల చుక్కకు సుమారు పదిహేడు నిమిషాలు పడుతుంది. ఆ పదిహేడు నిమిషాల్లో అది పొరుగువారి పెరడు చూసి రావచ్చు, కొట్టినవారి ముక్కులో దూరనూ వచ్చు. ఊరి పక్కనే ఉన్న ఆరోగ్యవరం, 20వ శతాబ్ది రెండో దశాబ్దంలో క్షయరోగుల కోసం వెలసిన శానటోరియం, ఈ పాఠాన్నే గుర్తుచేస్తుంది: దగ్గే మనిషి నోటినుంచి వెలువడే తుంపరల్లో అన్నిటికంటే సన్ననివే గాలిలో తేలి, ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లగలవు. అందువల్ల 'అతి సన్నని తుంపర' అని పెట్టె మీద గొప్పగా వేసుకొన్న సీసాలో పన్నీరు పోస్తే అది సుగుణం, పురుగుమందు పోస్తే అదే ప్రమాదం.

రెండో ఊరు పుంగనూరు. ఈ ఊరి పేరు మోసే ఆవు ఎత్తు సుమారు మూడడుగుల లోపే. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి నివాసంలో కనిపించిన తరవాత దీని కీర్తి ఎత్తుకంటే చాలా రెట్లు పెరిగింది. సీసా రూపకర్తకు ఈ ఆవు పెట్టే పరీక్ష మాత్రం కీర్తికి సంబంధించినది కాదు, జ్యామితికి సంబంధించినది. పాలు పితికిన తరవాత చన్నులకు అయొడిన్ ద్రావణం పట్టించాలన్నా, పొట్ట కింద ఈగలు ముసరకుండా వేపనూనె నీళ్లు చల్లాలన్నా సీసాను వంచి, ఇంకా వంచి, చివరికి తలకిందులు చేయవలసి వస్తుంది. తలకిందులైన సీసాలో ద్రవం మెడ దగ్గరికి చేరుతుంది. గొట్టం కొస మాత్రం పైకి లేచిన అడుగున గాలిలో ఉండిపోయి, గాలినే తాగి, గాలినే కక్కుతుంది. తలకిందులైనప్పుడు మెడ దగ్గర వేరే దారి తెరిచే రెండో గోలీని అమర్చిన సీసాలు ఉన్నాయి గాని, వాటికి ధర ఎక్కువ, ఆవు ఓర్పు తక్కువ. నూనె నీళ్లలో కలవదు కనుక లీటరుకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనెతో పాటు కాస్త సబ్బు కలిపి, సీసాను ఊపుతూనే ఉండాలి. వంగి, ఊపుతూ, నొక్కుతూ ఉన్న మనిషి చెవి పక్కన హఠాత్తుగా 'ఫుస్సు'మంటే ఆవు ఏమనుకుంటుందో శాస్త్రగ్రంథాల్లో లేకపోయినా, దాని వెనక కాలు వెంటనే తెలియజేస్తుంది.

మూడో ఊరు కుప్పం. ఆంధ్ర, తమిళ, కన్నడ సీమలు కలిసే ఈ మూలలో, పైన చెప్పిన రెండు ఊళ్లలో లాగానే, మల్బరీ తోటలూ పట్టుపురుగుల పెంపకమూ ఉన్నాయి. గుడ్డు నుంచి వెలువడిన తొలి దశల పురుగులను పెంచడాన్ని చాకీ అంటారు; ఆ గదిలో వేడి 27, 28 డిగ్రీల దగ్గర, గాలిలో తేమ 85 నుంచి 90 శాతం దాకా ఉండాలి. తేమ కావాలి గదా అని సీసాతో ఆకు మీద కొడితే తడి ఆకు తిన్న పురుగుకు జబ్బు చేస్తుంది. గదిని శుద్ధి చేయడానికి అదే సీసాలో సున్నం కలిపిన బ్లీచింగ్ పౌడర్ ద్రావణం పోస్తే క్లోరిన్ స్ప్రింగును తినేస్తుంది, నొక్కిన మీట మళ్లీ వెనక్కి రాదు. అన్నిటికంటే పెద్ద చిక్కు మరొకటుంది. పట్టుపురుగు కూడా పురుగే. నిన్న టమాటా కాయతొలుచు పురుగు మీద కొట్టిన మందు సీసా అడుగున రెండు చుక్కలు మిగిలి, ఈ రోజు అదే సీసా చాకీ గదిలోకి అడుగు పెడితే, మందు తన ధర్మాన్ని ఏ పక్షపాతమూ లేకుండా నెరవేరుస్తుంది. 'దేనికైనా పనికొస్తుంది' అన్న మాటకు ఇంతకంటే నిజాయితీగల రుజువు దొరకదు.

కుప్పం మరో పాఠం కూడా చెబుతుంది. 1990ల చివర ఇజ్రాయెల్ పరిజ్ఞానంతో బిందుసేద్యాన్ని ప్రయోగించిన ప్రాంతమిది. గంటకు రెండు లీటర్లో నాలుగు లీటర్లో మాత్రమే వదిలే డ్రిప్పరు, నీటిని చల్లడం వేరు, వేరు దగ్గర వదలడం వేరు అని అక్కడి రైతుకు ఏనాడో తెలియజెప్పింది. చుక్కగా వదిలే రంధ్రానికి ఓపిక కావాలి, తుంపరగా కొట్టే రంధ్రానికి ఒత్తిడి కావాలి. ఈ రెండు స్వభావాలనూ ఒకే మూతలో కాపురం పెట్టించి, పైన తిప్పుడు చక్రం బిగించి, ఒకవైపు 'ధార' అనీ మరోవైపు 'జల్లు' అనీ అచ్చువేసినంత మాత్రాన అవి సర్దుకుపోవు. వాడుకలో ఆ చక్రం రెంటికీ నడుమ నిలబడి, ద్రవాన్ని వాడేవారి మోచేతి మీదుగా చొక్కా జేబులోకి పంపడం తరచు జరిగేదే. ఇక వాడే విధానం ఏ భాషలో అచ్చువేయాలన్న ప్రశ్న కూడా ఈ ఊళ్లో పుడుతుంది. 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు గనుక తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ వేయడం మర్యాద. వేస్తే సీసా మీద చోటంతా నిండిపోయి, లోపల ద్రవం ఎంత ఉందో కనబడదు.

మూడు ఊళ్ల కోరికలనూ మన్నించిన సీసా ఎలా ఉంటుందో ఇప్పుడు ఊహించవచ్చు. టమాటా కోసం పదహారు లీటర్ల కడుపు, ఆవు కోసం రెండు గోలీలు, బ్లీచింగ్ కోసం తుప్పు పట్టని స్ప్రింగు, బిందుసేద్యం కోసం ఓపికగల రంధ్రం, ఏ ఊళ్లోనైనా ఉండే దోసెల బండివారి కోసం నూనెను కూడా తోయగల బలం దీనికి ఉండాలి. నూనె వంటి ద్రవాలు కదలడానికి మొరాయించే గుణాన్ని స్నిగ్ధత అంటారు. ఇది ఎక్కువైతే సాధారణ నాజిల్ నుంచి తుంపర రాదు, సన్నని ధార పెనం దాటి పొయ్యిలో పడుతుంది. ఇన్ని హంగులతో తయారైన వస్తువును చేతిలో ఇమిడేది అనాలంటే ఆ చెయ్యి భీముడిదై ఉండాలి.

విచిత్రమేమిటంటే, ప్రజలు ఈ సమస్యను ఎప్పుడో తమ ధోరణిలో పరిష్కరించుకొన్నారు. తాగి పారేసిన కూల్‌డ్రింకు సీసా తీసుకొని, పిన్నీసును దీపం మీద ఎర్రగా కాల్చి, మూతకు నాలుగు చిల్లులు పొడవడమే ఆ పరిష్కారం. ఇస్త్రీ బండి దగ్గర ఎండిన చొక్కా మీద, పూలంగడిలో కనకాంబరాల మీద, పంక్చరు కొట్లో ట్యూబు మీద నీళ్లు చల్లేది ఇదే. నొక్కితే నీళ్లు వస్తాయి, వదిలితే సీసా ఆ చిల్లులలోంచే గాలి పీల్చుకొని మళ్లీ నిండుగా నిలబడుతుంది. గోలీ లేదు కనుక ఇరుక్కోదు, స్ప్రింగు లేదు కనుక తుప్పు పట్టదు. మంగలి అంగడిలో వలె నిజమైన తుంపర కావాలన్నవారు ట్రిగ్గర్ తల ఒక్కటే కొని పాత సీసాకు బిగిస్తారు. రెండింటి మెడలూ ఇంచుమించు 28 మిల్లీమీటర్లవి కావడం వల్ల మరలు సరిగ్గా కుదరకున్నా బలవంతం మీద ఎక్కి కూర్చుంటాయి, కాస్త కారినా కాపురం సాగిస్తాయి. ఈ సీసాల్లో ప్రతిదీ ఒకే ద్రవానికి, ఒకే యజమానికి, ఒకే పనికి కట్టుబడి ఉండటమే వాటి విజయరహస్యం. సీసా ధర దాదాపు సున్నా కనుక పనికొక సీసా పెట్టుకోవడం అన్ని పనులకూ ఒక్క సీసా కొనడం కంటే చౌక. ఇంజనీరింగు కళాశాలల్లో చెప్పే రూపకల్పన పాఠాలకు ఈ ఒక్క వాక్యం చేర్చినా తప్పులేదు.

అయితే ఈ పరిష్కారంలో ఒక లోపం ఉంది, దాని విషయంలో మాత్రం నవ్వడానికి వీలులేదు. కూల్‌డ్రింకు సీసా ఎన్ని పనులు చేసినా చూపుకు కూల్‌డ్రింకు సీసాయే. అందులో పురుగుమందు పోసి గూట్లో పెడితే దాహంతో వచ్చిన పిల్లవాడికి అది మందని చెప్పేవారు ఉండరు. 1968 నాటి కీటకనాశినుల చట్టం కింద వచ్చిన 1971 నాటి నియమావళి మందుడబ్బా మీద విషతీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల త్రికోణం ఉండాలని శాసించింది. మందు డబ్బాలోంచి సీసాలోకి మారిన మరుక్షణం ఆ త్రికోణం వెనకే ఉండిపోతుంది. కనుక పాఠకులకు మనవి: మందును అది వచ్చిన డబ్బాలోనే ఉంచండి, కలిపిన మందునీళ్లను మిగల్చకండి, తాగే సీసాను మందుకు గాని, మందు సీసాను తాగడానికి గాని వాడకండి, చల్లే సీసా ఏదైనా దాని మీద లోపల ఏముందో పెద్ద అక్షరాలతో రాసి, పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. ఖాళీ అయిన మందుడబ్బాను మూడుసార్లు కడిగి, ఆ కడిగిన నీళ్లను మందు ట్యాంకులోనే పోసి, డబ్బా అడుగున చిల్లు పొడిచేయండి. పిన్నీసు పదును అన్నిటికంటే సద్వినియోగమయ్యేది అక్కడే.