ఓబులమ్మ లేని నవల

ఈమధ్య వస్తున్న తెలుగు నవలల్ని వరసపెట్టి చదువుతుంటే, ఇవి నాకోసం రాసినవి కావేమోనన్న అనుమానం బలపడుతోంది. జూబ్లీహిల్స్‌లో గేటుకి బోర్డు లేని ఏదో ఆఫీసులో, సోఫామీద ఒరిగి గ్రీన్ టీ తాగుతూ "సరే, సెకండాఫ్‌లో ఏముంది?" అని అడిగే పెద్దమనిషి కోసం రాసినవి. మధ్యలో డబ్బులిచ్చి కొనుక్కున్న అమాయకుణ్ణి నేను. లక్షణాలు దాచినా దాగవు. మొదటి పేజీలో వాన. వానలో కాళ్ళే కనిపిస్తాయి, మొహానికి మూడో పేజీ దాకా ఆగాలి. ఈలోగా కథానాయకుడు ఎంతటివాడో ముగ్గురు భయపడుతూ చెప్పుకుంటారు. ఓ స్నేహితుడుంటాడు, చావడానికే పుట్టాడని అతనికి తప్ప అందరికీ తెలుసు. పుస్తకం సరిగ్గా సగానికొచ్చేసరికి ఎవరో తలుపు తోసుకొచ్చి సగం వాక్యం చెప్పి ఆగిపోతారు, అధ్యాయం అయిపోతుంది. పాఠకుడు లేచి పాప్‌కార్న్ తెచ్చుకోవచ్చు.

సినిమాలా ఉంటే తప్పేమిటంటారా? తప్పేం లేదు. కాకపోతే నవలని తూచడానికి నా దగ్గరో పద్ధతి ఉంది. దాన్ని ఫిల్మ్‌నగర్ పట్టుకెళ్ళిందనుకోండి, అక్కడ ఏమేం పారేయాల్సొస్తుందో అదీ ఆ నవల. పారేయడానికేమీ లేకపోతే అది అట్టవేసి అమ్మిన బౌండ్ స్క్రిప్టు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' ఈ తూకానికి సరిగ్గా సరిపోయే సరుకు. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది, 2021లో క్రిష్ దర్శకత్వంలో సినిమా అయింది. కరువుకి మేపు దొరక్క గొర్రెల్ని నల్లమలకి తోలుకెళ్ళే కాపరులు, వాళ్ళతో చదువుకుని ఉద్యోగం దొరకని రవి. నవల నడక గొర్రె నడకే. మేత, నీళ్ళు, అలసట, మళ్ళీ మేత. రాత్రి మంద ఒకచోట చేరాక మనుషులు చెవులు రిక్కించి పడుకుంటారు. పులి కనబడని పేజీల్లోనే పులి భయం ఎక్కువ. కడప సీమ మాట చెవికి అలవాటయ్యేసరికి అడివి కూడా కాస్త అలవాటవుతుంది. ఇదంతా తెరమీద పెట్టాలంటే నిర్మాతకి గుండెదడ వస్తుంది. అందుకని నవలలో లేని ఓబులమ్మ సినిమాలోకి వచ్చింది. హీరోయిన్ లేకుండా రోజుల తరబడి అడివిలో గొర్రెలు మేసుకోవచ్చునేమో గానీ, రెండున్నర గంటలు థియేటర్లో ప్రేక్షకుణ్ణి మేపలేం కదా! క్రిష్‌ని నేను తప్పుపట్టను, ఆయన పని ఆయన చేశాడు. ఓబులమ్మ అవసరం పడిందంటేనే అది నవలని నాకు రుజువైంది. నేటి నవలాకారుల్లో చాలామంది ఆ శ్రమ దర్శకుడికి ఉంచడం లేదు. ఓబులమ్మని వాళ్ళే రాసి పంపుతున్నారు, పాట ఎక్కడొస్తుందో గుర్తు కూడా పెట్టి.

"పూర్వం నవలలు సినిమాలు కాలేదా?" అని ఎవరైనా లేస్తారు, న్యాయమే. అసలు కోడూరి కౌసల్యాదేవి 'ప్రేమ్‌నగర్' లేకపోతే ఫిల్మ్‌నగర్ గుట్టమీద రామానాయుడు స్టూడియో ఉండేదా? నష్టాల్లో ఉన్న ఆ నిర్మాతని 1971లో నిలబెట్టిన సినిమా అదే. యద్దనపూడి సులోచనారాణి 'జీవన తరంగాలు', 'మీనా' 1973లో, 'సెక్రటరీ' 1976లో తెరకెక్కాయి. అయితే అప్పుడు అప్పిచ్చింది నవల, పుచ్చుకున్నది సినిమా. 'సెక్రటరీ' రాజశేఖరం ముందు పాఠకురాళ్ళ మనసుల్లో కారు దిగాడు. ఆ తర్వాతే అక్కినేని ఆ కారెక్కారు. ఇప్పుడు నవలాకారుడే హీరోని తెరమీంచి అరువు తెచ్చుకుని, పేరు మార్చి, వర్ణించకుండా వదిలేస్తున్నాడు, మొహం మనకెలాగూ తెలుసని. పైగా అదే నవలలో జయంతి అభిమానం, అలక, అనుమానం పేజీల తరబడి లోపల్లోపలే నలుగుతాయి. వాణిశ్రీ ఎంత బాగా చేసినా కెమెరా మొహం దాకానే వెళ్తుంది. అందుకే 'మీనా' విజయనిర్మల చేతిలో ఒకసారి, 2016లో త్రివిక్రమ్ 'అ ఆ'లో మరోసారి తెరకెక్కినా, పుస్తకంలో ఇంకా మిగిలే ఉంది.

వేగం సంగతంటారా, దానిమీద సినిమాకి పట్టా ఎవరూ రాసివ్వలేదు. యండమూరి సీరియళ్ళు పాఠకుణ్ణి వారం వారం వేలాడదీసేవి. ఆ కొక్కెం వారపత్రికది, ఇంటర్వెల్‌ది కాదు. 1983లో చిరంజీవితో తీసిన 'అభిలాష'కి మూలమైన ఆయన నవలలో ఉరిశిక్ష ఉండాలా వద్దా అన్న వాదన కూడా పరుగెత్తిస్తుంది.

రచయిత బతకొద్దా అన్నది అన్నిటికంటే గట్టి అభ్యంతరం. తెలుగు నవల రాయల్టీతో జూబ్లీహిల్స్‌లో కారు నిలుపుకునే చోటు కూడా రాదన్నది నిజం. సినిమాకి రాయాలనుకుంటే శుభ్రంగా సినిమాకే రాయండి, అడ్వాన్సు పుచ్చుకోండి, నాకూ సంతోషమే. ఆ అడ్వాన్సు నాచేత ఇప్పించడమే బాగాలేదు. నవలాకారుడు మార్క్వెజ్ సినిమా ద్వేషి కాదు. రోములో సినిమా చదివాడు, క్యూబాలో ఫిల్మ్ స్కూలు పెట్టడంలో చేయివేశాడు. అయినా 'వందేళ్ళ ఏకాంతం' హక్కులు బతికుండగా ఎవరికీ ఇవ్వలేదు. 2014లో ఆయన పోయిన పదేళ్ళకి గానీ అది నెట్‌ఫ్లిక్స్‌కి ఎక్కలేదు. మనవాళ్ళలో కొందరు ముగింపు రాయకముందే హక్కుల గురించి ఆలోచిస్తున్నారు. ముగింపులు చదివితే తెలిసిపోతుంది, రెండో భాగానికి చోటు ఉంచి మరీ ఆపుతారు.

తమాషా ఏమిటంటే, ఇంతమంది ఫిల్మ్‌నగర్ వైపు చూస్తూ రాస్తున్నారు గానీ, ఫిల్మ్‌నగర్‌ని చూసి రాసేవాళ్ళు అరుదు. నాటకాల మంజరిని మద్రాసు వెండితెర దాకా నడిపించిన 'పాకుడురాళ్ళు' రాసిన రావూరి భరద్వాజకి 2012 జ్ఞానపీఠం వచ్చింది. పరిశ్రమ మద్రాసు వదిలి ఇక్కడికొచ్చి దశాబ్దాలు గడిచినా, ఈ కొండలమీద అంతటి నవల ఇంకా పుట్టలేదు. ముడిసరుకేం తక్కువ? కొండమీద స్టూడియోలు, దిగువన కృష్ణానగర్ ఇరుకు గదులు, తెల్లారకముందే మేకప్ కిట్‌తో రోడ్డుమీద నిలబడే జూనియర్ ఆర్టిస్టులు, ఏళ్ళ తరబడి ఒకే కథని ఆఫీసు తర్వాత ఆఫీసులో వినిపిస్తూ ప్రతిచోటా ఒక పాత్రని పోగొట్టుకుని బయటికొచ్చే కో-డైరెక్టర్లు. ఇవన్నీ ఉన్నదున్నట్టు ఎవరైనా రాస్తే ఫిల్మ్‌నగర్‌లో దాన్ని సినిమాగా తీయడానికి ఒక్కరూ ముందుకు రారు. నా తూకంలో ఆ నవల అప్పుడే నెగ్గేసింది.