సరేనండీ సర్కారు

ఎదురు తిరిగేవాడితో బాధ లేదు. వాడు నాలుగంటాడు, మనం నాలుగంటాం, తేలిపోతుంది. తంటా అంతా "సరేనండీ" అనే బాపతుతోనే. మా మేనల్లుడు ఆ బాపతు. వాడికి హితబోధ చెయ్యడానికి ఇంట్లో రిటైరైన హెడ్మాస్టరొకరు, బ్యాంకు మేనేజరొకరు, నేనూ ఉన్నాం. ముగ్గురికీ ఎంతో వినయంగా తలాడిస్తాడు. గేటు దాటాక వాడి దారి వాడిదే.

ఈ జాతికి చక్రవర్తి ఎవరంటే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అంటాను. 1869లో తండ్రి పోయి గద్దె మీద కూర్చోబెట్టేనాటికి ఆయనకు నిండా మూడేళ్లు లేవు. ఇక ఆ పసివాణ్ణి దిద్దడానికి ఎంతమంది ఎగబడ్డారో! పరమ క్రమశిక్షణాపరుడు దివాన్ సాలార్‌జంగ్ ఒక పక్క. ఇంగ్లీషుకి క్లార్క్ దొర, ఆయన తరవాత ఆయన తోడబుట్టినవాడు. ఫారసీకీ అరబ్బీకీ మౌల్వీలు. వీళ్లందరి వెనకనుంచి తొంగిచూస్తూ బ్రిటిష్ రెసిడెంటు. ఇంతమంది గురువుల దగ్గర ఆ కుర్రాడికి బాగా పట్టుబడిన విద్య ఒకటే: ఎవర్నీ నొప్పించకుండా అందర్నీ కాసుకు కూర్చునేలా చెయ్యడం.

అందులో ఆయనకు సాటి లేరు. ప్రయాణమని ప్రకటన వెలువడేది. స్పెషల్ రైలు ఆవిరి పట్టి స్టేషన్లో రోజుల తరబడి పడిగాపులు కాసేదని హైదరాబాదు పాతవాళ్లు కథలుగా చెప్పుకుంటారు. వెళ్లనని అనడు, వెళ్లడు. నాకైతే ఆ ఇంజను డ్రైవరు మీదే జాలి.

1884 ఫిబ్రవరిలో వైస్రాయి రిప్పన్ దొర స్వయంగా వచ్చి నిజాం చేతికి పెత్తనం అప్పగించాడు. సాలార్‌జంగ్ అంతకు ఏడాది ముందే పోయాడు. ఆయన కొడుకు లాయక్ అలీ దివానయ్యాడు. చిన్ననాటి జతగాడు, కొద్ది ఏళ్లే పెద్ద. ఆ కాస్త పెద్దరికం కూడా నిజాంకు గిట్టలేదు, 1887కల్లా లాయక్ అలీ ఇంటిదారి పట్టాడు. ఇక్కడ నేను నిజాం పక్షమే. కలిసి ఆడుకున్నవాడు కూడా పాఠం మొదలెడితే ఎవడు భరిస్తాడండీ!

వజ్రం సంగతే చూడండి. జాకబ్ అనే వ్యాపారితో 46 లక్షలకు బేరం కుదిరింది, సగం ముందే కట్టారు. ఖజానా ఉన్న స్థితిలో వజ్రమేమిటని రెసిడెంటు అడ్డం పడ్డాడు. ప్రభువు వాదించలేదు. రాయి చూసి, నచ్చలేదన్నాడు, అంతే. 1891లో అది కలకత్తా హైకోర్టుకెక్కింది, సాక్షాత్తూ నిజాం వాంగ్మూలం ఇవ్వాల్సొచ్చింది. ఇంత రభస జరిగాక వజ్రం చివరికి ఆయనకే చేరింది. చేరిందా, ఆయన పోయాక కొడుక్కి చెప్పు మొనలో దొరికిందంటారు. నేను మా మేనల్లుడికి కొనిచ్చిన నిఘంటువు మొన్న కూలర్ కింద ఎత్తుకు పెట్టి కనిపించింది. వాడిదీ రాచపోకడే.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. 1908లో మూసీ ఊరిని ముంచెత్తినప్పుడు ఆయన ఎవరి సలహా కోసమో ఆగాడని వినలేదు. నిలువనీడ లేని జనానికి ప్యాలెస్ తలుపులు తెరిపించాడు. హైదరాబాదు ఇప్పటికీ ఆయన్ని మురిపెంగా తలుచుకుంటుందంటే ఊరికే కాదు.

ఇంతకీ ఆయన్ని ఎవరూ లొంగదీయలేదా అంటే, ఒకడున్నాడు. పురానీ హవేలీలో నూటడెబ్బై అడుగుల పైచిలుకు పొడవున్న బట్టల బీరువా ఉంది, ఒకసారి తొడిగింది మళ్లీ తొడిగేవాడు కాదట. ఆ బట్టలు అందించినవాడు ఆల్బర్ట్ ఆబిడ్. దివాన్లూ దొరలూ ఏళ్లకేళ్లు చెప్పి గెలవలేనిచోట ఆ నౌకరు దర్జాగా నెగ్గుకొచ్చి, కొట్టు పెట్టుకుని, ఊరి నడిబొడ్డుకు ఆబిడ్స్ అని తన పేరు తగిలించి వెళ్లాడు. క్లార్క్ దొర పేరు ఈనాడు ఎవరికి తెలుసు?

మావాడికి ఆ ఆబిడ్ ఎవరో ఇంకా తేలలేదు. వీధి చివర బైకు మెకానిక్ మీద మా ముగ్గురికీ గట్టి అనుమానం.