ఫస్ట్‌క్లాసు మావయ్య

జంషెడ్‌పూర్‌లో, కదమాలోనో సాక్చీలోనో నలుగురు తెలుగువాళ్లు టీ కొట్టు దగ్గర చేరితే, అందులో ఒక ఫస్ట్‌క్లాసు మావయ్య ఉండి తీరతాడు. టాటా కంపెనీ కోక్ ఓవెన్లలో సర్వీసంతా గడిపి రిటైరైన మనిషి. సముద్రం చూసింది కళింగపట్నం ఒడ్డున, అదీ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి. నూరేళ్ల కిందటి ఓడల సంగతి మాత్రం ఆయన్నే అడగాలి.

1893లో యొకొహామా నుంచి వాంకూవర్ వెళ్లిన ఎంప్రెస్ ఆఫ్ ఇండియాలో వివేకానందుడు, జంషెట్‌జీ టాటా కలిసి ప్రయాణించారని ఈ ఊళ్లో బడిపిల్లలూ చెబుతారు. పరిశ్రమల గురించి, విజ్ఞానం గురించి మాట్లాడుకున్నారనీ చెబుతారు. మావయ్య బెంగ వేరు. "ఆ పూట భోజనంలోకి ఏం వడ్డించుంటారంటావ్?"

టైటానిక్ మాటెత్తితే ఇక ఆపలేం. ఈతకొలను, టర్కీ స్నానాలు, స్క్వాష్ కోర్టు, ఆ పెద్ద మెట్లు... రోజూ తనే దిగినట్టు చెబుతాడు. జంషెడ్‌పూర్‌లో తొలి ఉక్కు దిమ్మె వచ్చింది 1912 ఫిబ్రవరి 16న. ఓడ మునిగింది ఏప్రిల్ 15న. "మన ఉక్కు నాలుగేళ్లు ముందొచ్చుంటేనా!" అని ఉత్తరధ్రువం వైపు చూస్తాడు. టీ డబ్బులు ఈలోగా ఎవరో ఇచ్చేస్తారు.

అదే ఓడలో మూడో తరగతి వాళ్లు సుమారు 700 మందికి రెండే స్నానపు తొట్లు. ఆ అంతస్తు రాగానే మావయ్యకి దగ్గొస్తుంది. మౌరిటేనియా అనే ఓడైతే రోజుకి దాదాపు 1000 టన్నుల బొగ్గు మింగేది. బొగ్గు గురించి ఈ మనిషికి తెలిసినంత ఆ ఓడ కెప్టెన్‌కి కూడా తెలిసుండదు, అయినా బాయిలర్ల గదిలోకి ఒక్కనాడూ దిగడు!

"మీ తాత రంగం ఓడలోన ఎక్కడ కూకున్నాడో అదీ సెప్పండి," అంటుంది అత్తయ్య వంటింట్లోంచి.

తాత రంగూన్‌కి డెక్కు మీద చాప పరుచుకుని, మూటలోని అటుకులు నములుతూ వెళ్లాడు. మావయ్య తొణకడు. "డెక్కంటే ఏటనుకున్నావ్? దొరలు గాలికోసం గదులొదిలి అక్కడికే వచ్చేవారు."

ఊరెళ్లేటప్పుడు టాటానగర్‌లో ఎక్కేది స్లీపరే. ఆ ఓడల్లో రాత్రి భోజనానికి సూట్లు వేసుకునేవారు కనక ఎనిమిదింటికి మావయ్య కూడా ఇస్త్రీ చొక్కా మార్చుకుంటాడు. అత్తయ్య పులిహోర పొట్లం విప్పుతుంది. పెద్దమనుషులకి కెప్టెన్ బల్ల దగ్గర చోటిచ్చేవారని ఎదుటి బెర్తు కుర్రాడికి వివరిస్తుండగా నల్లకోటాయన రానే వస్తాడు.

"టికెట్."