గ్యాలరీలో మిగిలిన అరటాకు

నేను ఫోన్‌ని. 2018లో అమీర్‌పేటలో కోచింగ్‌కు వచ్చిన ఒక పిల్లోడు నన్ను కొన్నాడు. వాళ్లది కర్నూలు జిల్లా దేవనకొండ మండలం. ఆ ఏడు ఇంట్లో వేరుశనగ అమ్మిన డబ్బులో కొంత నాకే పోయింది. ఇప్పుడు నా అద్దం అడ్డంగా పగిలింది, వెనక డొప్ప ఊడకుండా రబ్బరు బ్యాండు వేశారు. వాళ్లమ్మ నన్ను బొడ్లో దోపుకుని తిరుగుతుంది.

నేను రెండు చేతుల్లో బతికాను. ఆ రెండు చేతుల గురించే చెప్పాలి.

2019 సెప్టెంబరులో నేను చల్లబడిందే లేదు. ఆ ఏడు మే నెలలో నల్లమల అడవిలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ సంగతి జనంలోకి వచ్చాక 'సేవ్ నల్లమల' అనే మాట నా తెర మీద వానలా కురిసింది. సినిమావాళ్లు రాశారు, రచయితలు రాశారు, మా పిల్లోడూ రాశాడు. ప్రొఫైల్ బొమ్మ తీసేసి పచ్చటి అడవి పెట్టుకున్నాడు. వాట్సాప్‌లో ఒకేసారి ఐదుగురికి మించి ఫార్వర్డ్ చేయనివ్వరు కదా, ఐదుగురు అయిపోగానే మళ్లీ ఐదుగురిని ఎంచుకునేవాడు. బొటనవేలు చెమటకు నా అద్దం జారేది. వాడి కోపం నిజమైనదే. గుండె వేగం వేలికొసల్లో నాకు తెలిసేది.

సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ రాత్రి గదిలో పిల్లలంతా గెలిచామన్నారు. ఆ గోల వృథా పోయిందని నేననను. కానీ హ్యాష్‌ట్యాగ్ పుట్టకముందే అమ్రాబాద్, పదర ఊళ్లలో జనం రోడ్డెక్కారు, చెంచులు కదిలారు. గెలుపులో పెద్ద పాలు వాళ్లది. ఈ మాట మా పిల్లోడి పోస్టుల్లో ఒక్కదాంట్లోనూ లేదు.

సరిగ్గా ఆ వారంలోనే వాడికి మేనమామ దగ్గర నుంచి ఒక ఫోటో వచ్చింది. మామది కడప జిల్లా, పులివెందుల దిక్కు. ఫోటోలో ఒక అరటాకు. అంచు పొడుగునా మాడి, గోధుమరంగు గీత గీసినట్టుంది. చెట్టు మొదట్లో డ్రిప్పు పైపు, దాని రంధ్రం చుట్టూ సున్నంలా తెల్లటి పెచ్చు. మామ వేలు గోరుతో ఆ పెచ్చును గీరుతోంది. ఫోటోతో పాటే గొంతు వచ్చింది:

"అల్లుడా, నీళ్లు యాల ఇట్లయినాయో తెలీదు. పరీచ్చ చేపియ్యమని సోమవారం కలెక్టరు కాడ అర్జీ ఇస్తా. నాకు రాయనీకి రాదు. ఒక్కపూట వచ్చి రాసిచ్చిపో."

ఒక తెల్లకాగితం, ఒక బస్సు టికెట్టు. మామ అడిగింది అంతే.

వాడు ఆ ఫోటోను పోస్టు చేశాడు. 'మా రాయలసీమ గోడు వినండి' అని పైన రాశాడు. ఏడుపు బొమ్మలు, కోపం బొమ్మలు వచ్చిపడ్డాయి. తెల్లారేదాకా వాడు నన్ను దించలేదు. సోమవారం పొద్దున మామ రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను మోగాను. వాడు నిద్రలో ఉన్నాడు. లేచి నన్ను చూసుకున్నాడు గానీ తిరిగి చేయలేదు. రాత్రి పోస్టుతో చేయాల్సింది చేసేశానని మనసు తేలికపడిపోయింది. ఆ తేలికను నేనే ఇచ్చాను. ఇన్నేళ్లుగా నన్ను బాధించేది అదే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నల్లమలలో జరుగుతుందేమోనని ఊరంతా భయపడిన పని కడప జిల్లాలో అప్పటికే జరుగుతోంది. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గనికి 2007లో శంకుస్థాపన చేశారు, 2012లో ఉత్పత్తి మొదలైంది. అక్కడి ఖనిజం సున్నపురాయి జాతి రాతిలో ఉంటుంది కాబట్టి ఆమ్లంతో కాక సోడియం కార్బొనేటు లాంటి క్షారాలతో కరిగించి యురేనియం తీస్తారు. మిగిలిన వ్యర్థాన్ని గొట్టాల్లో కొట్టాల దగ్గరి చెరువుకు పంపుతారు. ఆ చుట్టుపక్కల రైతులు బోరునీళ్లు చెడిపోయాయని, అరటి ఎండిపోయిందని ఫిర్యాదు చేశారు. 2018లో కాలుష్య నియంత్రణ మండలి గని నడిపే సంస్థకు నోటీసిచ్చింది. నీళ్లు చెడింది తమవల్ల కాదని ఆ సంస్థ అంది. పులులున్న అడవి బొమ్మ నా తెర మీద అందంగా ఉంటుంది. పెచ్చుకట్టిన డ్రిప్పు పైపు ఉండదు. ఏది ఎంతసేపు కనబడాలో అందాన్ని బట్టి తేలిపోతే, తుమ్మలపల్లె వంతు ఎప్పుడొస్తుంది?

తర్వాత వాడు కొత్త ఫోన్ కొనుక్కుని నన్ను అమ్మకిచ్చాడు. సిమ్ము మారింది, వాట్సాప్ మారింది. గ్యాలరీ మాత్రం అట్లే ఉంది.

2024 చివర్లో ఆ భయం మా మండలానికే వచ్చింది. కప్పట్రాళ్ల అడవిలో యురేనియం అన్వేషణకు 68 బోర్లు వేస్తారని తెలిసింది. కప్పట్రాళ్ల ఒకప్పుడు ఫ్యాక్షన్ పేరుతోనే పేపర్లకెక్కిన ఊరు. అమ్మకు పోస్టు పెట్టడం రాదు. నన్ను చెవికి ఆనించుకుని ఒక్కొక్కరికే ఫోన్ చేసింది. కోటకొండకు, చెల్లెలచెలిమలకు, చుట్టాలకు, చీటీల వాళ్లకు. "పొద్దున్నే రోడ్డు కాడికి రాండి. పిల్లోల్లను గూడా పిల్చకరాండి." ఎవరైనా చూస్తాంలే అంటే, వస్తామనేదాకా పెట్టేసేది కాదు. చివర కొడుక్కు చేసింది. వాడు వీడియో పంపమన్నాడు.

"వీడియో యాలరా నాయినా, నువ్వు రా."

వాడు రాత్రి బస్సెక్కాడు.

నవంబరు మొదట్లో కర్నూలు–బళ్లారి రోడ్డు మీద ఊళ్లకు ఊళ్లు కూర్చున్నాయి. లారీలు ఆగిపోయాయి. ఎండకు తారు కాలుతోంది, అమ్మ చీర మడిచి కింద వేసుకుంది. మధ్యాహ్నానికి నా ఛార్జింగ్ అయిపోయింది, నా అవసరం ఎవరికీ పడలేదు. కొద్ది రోజులకే అక్కడ బోర్లు వేయబోరని అధికారులు చెప్పారు, ప్రభుత్వం ఆపేసింది. ఆ ఆగడం ఎంతకాలమో నాకు తెలియదు. ఆ రోజు మాత్రం లారీలను ఆపింది మనుషులు.

ఆ రాత్రి ఇంట్లో నాకు ఛార్జరు పెట్టి, అమ్మ పొద్దున తీసిన ఫోటోల కోసం వాడు గ్యాలరీ తెరిచాడు. వేలు కాస్త ఎక్కువ జరిగింది. అరటాకు వచ్చింది. మామ గోరు, తెల్లటి పెచ్చు. వాడు చాలాసేపు దాన్ని మూయలేదు. తర్వాత అమ్మ నంబర్లలో వెతికి మామకు చేశాడు.

"మామా, సోమవారం వస్తాన్నా. అర్జీ రాసిస్తా."

అటువైపు కొంచెంసేపు ఏమీ వినపడలేదు.

"ఏ సోమవారం అల్లుడా?"