రెండు వందల ఒకటో యూనిట్

మల్యాల నుంచి జగిత్యాలకు ఫ్రిజ్ కొనడానికి ఎవరూ ఒక్కరే పోరు. ఇంటాయన, ఇంటావిడ, బేరం ఆడటానికి ఒక బామ్మర్ది, ఫోన్‌లో రేట్లు చూడటానికి డిగ్రీ చదివే కొడుకు. షోరూంలో తలుపు తీస్తారు, వేస్తారు, మళ్లీ తీస్తారు. గుడ్లు పెట్టే అర చూస్తారు. తలుపు మీద పువ్వు ఎర్రదా నీలిదా అనే దగ్గర అరగంట పోతుంది. ఆఖరికి బామ్మర్ది రంగంలోకి దిగి ఐదు వందలు తగ్గిస్తాడు, కింద స్టాండు ఊరికే ఇప్పిస్తాడు, ట్రాలీ ఆటో కిరాయి కూడా షాపాయన నెత్తిన వేస్తాడు. ఆ రాత్రి ఇంట్లో ఆయనకు కోడి కూర.

ఇంతసేపూ ఆ తలుపు మీదనే అరచేయంత స్టిక్కర్ ఒకటి ఉంది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అనే కేంద్ర సంస్థ చుక్కలు పెట్టి, వాటి కింద ఏడాదికి ఇన్ని యూనిట్లు కాలుతుందని అంకె వేసింది. ఈ స్టార్ లేబుల్ దేశంలో 2006లో మొదలైంది. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకు 2010 నుంచి తప్పనిసరి. మన ఇండ్లల్లో దాన్ని పీకి పారేయరు, అంత అపచారం చేయరు. పసుపు కుంకుమ బొట్టు పక్కన, ప్లాస్టిక్ కవర్ చిరిగి వేలాడుతున్నా, ఆ స్టిక్కర్ పదేండ్లు అట్లాగే ఉంటుంది. చదివినవాడు మాత్రం కనపడడు.

లెక్క రాక కాదు సుమా. వెయ్యి బీడీలకు కూలి ఎంత, ఎన్ని బాగాలేవని తీసిపారేశారు, చేతికి వచ్చేదెంత అని నోటిలెక్కతో చెప్పే కోరుట్ల ఆడబిడ్డకు యూనిట్లను రూపాయలతో గుణించడం రాదంటే నేను నమ్మను. అంగడిలో బర్రెను కొనేటప్పుడు పండ్లు చూసి, పొదుగు చూసి, ఎంత మేస్తదని అడిగే మనిషే ఫ్రిజ్ దగ్గర రంగు చూసి ఊరుకుంటాడు. కారణం అడిగితే ఒకటే మాట:

"కరెంట్ ఫ్రీయే గదా!"

అవును, ఫ్రీయే. గృహజ్యోతి అనే సర్కారు పథకం 2024 ఫిబ్రవరి 27న మొదలైంది. తెల్లకార్డు ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. ఆ పైసలు సర్కారు కరెంటు సంస్థకు కడుతుంది, సర్కారు మన దగ్గర వసూలు చేసుకుంటుంది. అది పెద్ద కథ, పక్కన పెడదాం. చిన్న కథ 201వ యూనిట్‌ది.

200 దాటితే దాటిన ఆ ఒక్క యూనిట్‌కే కట్టాలని చాలామంది ధైర్యం. అట్లా కాదు. మొత్తం బిల్లు కట్టాలి. పైగా స్లాబే మారిపోతుంది. వంద దాటి 200 లోపు అయితే మొదటి వందకు యూనిట్‌కు 3 రూపాయల 40 పైసలు, రెండో వందకు 4 రూపాయల 80 పైసలు. ఒక్క యూనిట్ దాటితే మొదటి నుంచి మొత్తం 200కు 5 రూపాయల 10 పైసలు, దాటిన యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు. కలిపితే 1,027 రూపాయల 70 పైసలు. ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు అదనం. అంటే నిన్నటిదాకా సున్నా కట్టిన ఇంటికి ఆ ఒక్క యూనిట్ ఖరీదు వెయ్యి రూపాయల పైమాట. షోరూంలో బామ్మర్ది గెలుచుకొచ్చిన ఐదు వందలకు రెండింతలు, ఒకే నెలలో.

ఆ యూనిట్ ఎప్పుడు వస్తుంది? మే నెలలో. జగిత్యాల ఎండలు తెలియనివి కావు. కూలర్ తిరుగుతుంటుంది, సెలవులకు మనుమలు దిగుతారు, చల్లని నీళ్ల కోసం నిమిషానికోసారి ఫ్రిజ్ తలుపు తీస్తారు. ఫ్రిజ్ ఎక్కడుంది? గ్యాసు పొయ్యి పక్కన, మూలకు, గోడకు ఆనించి. వెనుక నుంచి పోవాల్సిన వేడికి దారి లేదు. తలుపు రబ్బరు ఎప్పుడో వదులైంది. పది రూపాయల నోటు సందులో పెట్టి తలుపు వేసి లాగితే జారి చేతికొస్తుంది. ఇక కంప్రెసర్‌కు నిద్ర ఎక్కడిది? తీరా బిల్లు కొట్టే ఆయన మిషన్‌లోంచి చీటీ చింపి ఇస్తే, "మీటర్ ఖరాబైంది" అని ఆయన మీదకు లేస్తాం.

సిరిసిల్లలోనైతే 1970లో పుట్టిన సెస్ అనే సహకార సంఘం కరెంటు ఇస్తుంది, మల్యాలకు ఉత్తర డిస్కం అనే కరెంటు సంస్థ ఇస్తుంది. చీటీ ఇచ్చే చేయి వేరు, స్లాబు ఒక్కటే.

ఇక సేల్స్‌మన్ మాటకు వద్దాం. ఆయన కూడా తక్కువ తినలేదు. "ఫైవ్ స్టార్ తీస్కో అక్కా, కరెంటే గుంజది. ఎక్కువ పెట్టిన పైసలు ఏడాదిల వాపస్ వస్తయి" అంటాడు. రెండు ఫ్రిజ్‌లు పక్కపక్కన ఉన్నాయనుకుందాం. ఒకదాని లేబుల్ మీద ఏడాదికి 180 యూనిట్లు, రెండో దాని మీద 120. ధరలో తేడా మూడు వేలు. ఏడాదికి మిగిలేది 60 యూనిట్లు. బిల్లు కట్టుకునే ఇల్లయి నెలకు వంద లోపే వాడితే, యూనిట్‌కు 3 రూపాయల 10 పైసల లెక్కన ఏడాదికి మిగిలేది 186 రూపాయలు. మూడు వేలు తిరిగి రావడానికి పదహారేండ్లు. అంటే ఫ్రిజ్ కొన్నప్పుడు పుట్టిన పిల్ల ఇంటర్‌లో చేరే వేళకు అన్నమాట! అదే 200 దాటి వాడే ఇంట్లో 7 రూపాయల 70 పైసల లెక్కన 462 మిగులుతుంది, ఆరున్నరేండ్లలో వాపస్. ఏడాది అనేది ఏ స్లాబులోనూ లేదు. ఆయన కమీషన్ స్లాబులో ఉందేమో.

చుక్కల సంగతి కూడా ఒక మాట. ఐదు చుక్కలు శాశ్వతం కావు. బ్యూరో కొలత బిగిస్తూ పోతుంది, నిన్నటి ఐదు రేపు నాలుగో మూడో అవుతుంది. అందుకే లేబుల్ మీద కాలపరిమితి వేస్తారు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు కొత్త ఫ్రిజ్ కొనుక్కొని, పాతది "మంచిగనే ఉంది నాయినా, ఫైవ్ స్టారే" అని ఊరికి పంపుతాడు. నాయిన మురిసిపోతాడు. ఎన్నేండ్ల కిందటి ఐదు అని అడగడు. ఉన్న ఫ్రిజ్ ఇంట్లో, వచ్చిన ఫ్రిజ్ అర్రలో, రెండూ రాత్రింబవళ్లు ఉరుముతుంటాయి. రెండో దాంట్లో ఏముందని తెరిచి చూస్తే నాలుగు నీళ్ల సీసాలు, ఒక మామిడికాయ తొక్కు డబ్బా. తొక్కుకు ఫ్రిజ్ కావాలని మన నాయనమ్మలకు తెలియదు పాపం.

అన్నిటికన్నా పెద్ద తమాషా పెండ్లి సామాను. మంచం, బీరువా, కూలర్, ఫ్రిజ్. కొనేది ఆడపిల్ల తండ్రి, బిల్లు కట్టేది అల్లుడు. ఎవరి కరెంటు వాళ్లు కాల్చుకుంటారులే అని ఈయన తక్కువ చుక్కలది చూసి నాలుగు పైసలు మిగుల్చుకుంటాడు. అక్కడ వియ్యపురాలు తలుపులు లెక్కబెడుతుంది. "ఒక్క తలుపుదేనా? మా ఆడబిడ్డ కోడలు డబల్ డోర్ తెచ్చింది!" మరునాడు మళ్లీ షోరూం. ఒక్క తలుపు రెండవుతుంది, లీటర్లు పెరుగుతాయి, యూనిట్లూ పెరుగుతాయి. ఇద్దరే ఉండే కొత్త కాపురానికి పది మందికి సరిపడే ఫ్రిజ్. అందులో సగం మల్లెపూలకు, సగం గాలికి. తల్లి ముచ్చటకు అల్లుడు పన్నెండేండ్లు కిస్తీ కడతాడు, అదీ కరెంటు బిల్లు పేరు మీద.

బామ్మర్దులకు ఒక్క మనవి. ధర తగ్గించే ముందు లేబుల్ మీది అంకెను పన్నెండుతో భాగించండి, నెలకెన్ని యూనిట్లో తేలుతుంది. ఇంటి నుంచి పోయిన మే నెల చీటీ జేబులో పెట్టుకొని వెళ్లండి. చీటీలో 190 ఉంటే రెండు చుక్కల ఫ్రిజ్ దగ్గర నిలబడకండి. 80 ఉంటే ఫైవ్ స్టార్‌కు మూడు వేలు ఎక్కువ పెట్టకండి.