పటాలం తాత

పెళ్ళిపత్రికలో 'సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి' అన్న మాట మీద అచ్చేయించేవాళ్ళకూ పట్టింపు ఉండదు, చదివేవాళ్ళకూ ఉండదు. పత్రిక అన్నాక ఆ మాట ఉండాలి కాబట్టి ఉంటుంది. ఇంటికి ఒకరో ఇద్దరో వస్తారు, మొయ్యి (చదివింపులు) రాస్తారు, తింటారు, పోతారు. ఆ మాటను ఉన్నదున్నట్టు నమ్మే మనిషి మాత్రం ఊరికొకడుంటాడు. మా వేప్పనపల్లి పక్క ఆయన్ని పటాలం తాత అంటారు. అసలు పేరు రేషన్‌కార్డులో ఉంది, దాంతో మనకి పనిలేదు.

తాతకు డెబ్బై దాటాయి. తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజాన అంచు టవలు. చొక్కా జేబులో ఒక చిన్న నోటుపుస్తకం. ఎవరింటి శుభకార్యానికి తాను ఎంత మొయ్యి రాసిందీ, తన ఇంటి కార్యానికి ఎవరు ఎంత రాసిందీ అందులో ఉంటుంది. వెనకాల మనవళ్ళూ మనవరాళ్ళూ. పెద్దకొడుకు పిల్లలు, రెండోకొడుకు పిల్లలు, కూతురి పిల్లలు, వాళ్ళతో ఆడుకోవడానికొచ్చి ఇంటికి పోవడం మరిచిపోయిన పక్కింటి పిల్లోడు. వెరసి తొమ్మిది తలకాయలు.

"ఇంతమందినీ ఎందుకు తోలుకొచ్చినావు తాతా?" అని ఎవరన్నా అడిగితే ఆయనకు ఆశ్చర్యం. "తినేదానికప్పా" అంటాడు.

మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. వేప్పనపల్లి ఉండేది తమిళనాడులో. ఒకపక్క పోతే కుప్పం, ఇంకోపక్క పోతే కోలారు జిల్లా. ఒకప్పుడు సేలం జిల్లా అన్నారు, తరవాత ధర్మపురి అన్నారు, 2004లో కృష్ణగిరి జిల్లా అన్నారు. ఎవరేమన్నా పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, సంతలో కన్నడం. కాబట్టి తాత పటాలం మూడు భాషల్లో వడ అడగగలదు. "అన్నా, ఇంకొక వడ" అని ఒకడు, "అణ్ణా, ఇన్నొరు వడై" అని ఇంకొకడు, "అణ్ణా, ఇన్నొందు వడె కొడి" అని మూడోవాడు. వడ్డించేవాడిది ఏ రాష్ట్రమైనా సరే, తెలియనట్టు దాటుకుని పోయే దారి లేదు.

పెళ్ళికి ముందురోజు రాత్రి కల్యాణ మండపంలో రిసెప్షన్. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ వేదిక మీద నిలబడి ఉంటారు, ఫోటో కోసం జనం వరస కట్టి ఉంటారు. తాత ఆ వరసలోకి పోడు. "పెండ్లికూతురు యాడికీ పోదు, బంతి పోతుంది" అని నేరుగా భోజనాల హాలుకు నడుస్తాడు. అక్కడ ముందు బంతి ఇంకా తింటూ ఉంటుంది. తాత గడప దగ్గర నిలబడి ఆకుల వంక ఒకసారి చూస్తాడు. ఈ వరస ఇంకా సాంబారు దగ్గరే ఉంది, లాభం లేదు. ఆ వరస రసం దాటింది. మూలవరస మజ్జిగకొచ్చింది. వెంటనే మూలవరస కుర్చీల వెనకాల ఒక్కో కుర్చీకి ఒక్కో పిల్లోణ్ణి నిలబెడతాడు. పిల్లలు ఏమీ అనరు, ఊరికే నిలబడి ఆకులోకి చూస్తారు, అంతే. ముందు కూర్చున్న పెద్దమనిషికి మెడమీద ఊపిరి తగులుతుంది. రెండోసారి మజ్జిగ పోయించుకోవాలనుకున్నా ఆయన ఆ ఆలోచన మానుకుని లేచిపోతాడు.

తరవాతది ఆకుల తగవు. ఆకుల కట్ట చంకనబెట్టుకుని వచ్చిన కుర్రాడు పిల్లల్ని చూసి, ఆకును మధ్యకు చించబోతాడు.

"చిన్నపిల్లలు గదా తాతా, అరాకు చాలదా?"

"పెండ్లి అర పెండ్లా నాయనా?"

"కాదు తాతా, పారేస్తారు..."

"పారేస్తే నేను తింటాను. నిండాకు వెయ్యి."

నిండాకు పడుతుంది. ఇక అక్కణ్ణుంచి బడి మొదలు. ఆకు కొస ఎడమపక్కకు రావాల. నీళ్ళు చల్లి తుడవాల, పక్కోడి మీద చల్లగూడదు. ఉప్పు పడిందని నాకగూడదు. అందరి ఆకుల్లో అన్నం పడేదాకా చెయ్యి పెట్టగూడదు. పక్క ఆకులోకి చూడగూడదు. వద్దనుకుంటే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాల, అరవగూడదు. పెద్దోళ్ళు లేచేదాకా లేవగూడదు. లేచే ముందర ఆకును మన దిక్కుకు మడవాల.

ఇవన్నీ పిల్లలు పాటిస్తారని చెబితే అబద్ధం. అప్పళం పడ్డ మరుక్షణం ఎక్కడో పటుక్కుమంటుంది. తాత తల తిప్పి చూస్తే తొమ్మిది మొహాలూ అమాయకంగానే ఉంటాయి. ఆఖరి మనవరాలు తన వడను పట్టుపావడా కుచ్చిళ్ళలో దాచి, ఇంకా వడ పడలేదని చెబుతుంది. అసలు పరీక్ష పాయసం. మా పక్క బంతుల్లో పాయసం గిన్నెలో పోయరు, ఆకు మీదే పోస్తారు. అది కొసదాకా పారి కిందికి దిగేలోపల నాలుగు వేళ్ళూ దగ్గరికి చేర్చి, ఆకు అంచు నుంచి లోపలికి తోసి, అరచేతిలోకి ఎత్తుకుని నోట్లో వేసుకోవాలి. తాత ఆ పనిని చుక్క పడకుండా చేసి చూపిస్తాడు. పిల్లలు చేస్తే పాయసం మణికట్టు దాటి మోచేతికొస్తుంది. మోచేతికొచ్చిందాన్ని నాకొచ్చునా లేదా అన్నది నియమాల్లో లేదు. ఆ ఒక్క చోట తాత కళ్ళు వేరే దిక్కుకు తిప్పుకుంటాడు.

ఎదుటివరసలో ఎవరో గొణుగుతారు: "పది ఆకులకు ఒకే మొయ్యి." తాతకు చెవుడు కొంత ఉంది గానీ మొయ్యి అన్న మాటకు లేదు. జేబులోంచి నోటుపుస్తకం తీస్తాడు, కళ్ళద్దాలు పెట్టుకుంటాడు, పేజీ తిప్పుతాడు. "మా మనవరాలికి చెవులు కుట్టించిన దినం మీ ఇంటినుంచి పదకొండుమంది వచ్చినారు. అదీ ఒకే మొయ్యి. మేమింకా ఒకరు తక్కువే" అని పుస్తకం మూసేస్తాడు. ఆ తరవాత గొణుగుడు వినబడదు.

అదే హాల్లో ఇంకో జాతి తల్లిదండ్రులూ కనిపిస్తారు. హొసూరులోనో బెంగళూరులోనో అపార్టుమెంటు, ఒక్కడే కొడుకు. వాడి ముందు నీళ్ళసీసా, సీసాకు ఆనించి ఫోను, ఫోనులో బొమ్మలు. అమ్మ ముద్ద కలిపి నోట్లో పెడుతుంది, వాడు నములుతాడు. అది సాంబారన్నమో పెరుగన్నమో వాడికి తెలియదు, పెళ్ళి ఎవరిదో అంతకన్నా తెలియదు. "మావాడు అస్సలు అల్లరి చేయడండీ" అంటుంది ఆ తల్లి. తాత వాణ్ణి చాలాసేపు చూసి, "బిడ్డ బంతికి రాలేదు గదమ్మా, వచ్చినాక తినిపించు" అంటాడు.

ఇలాంటి మనిషిని చిన్నకొడుకు ఓడ ఎక్కించాడు.

వేప్పనపల్లి నుంచి సముద్రం కనబడాలంటే చెన్నైకి 250 కిలోమీటర్లకు పైనే పోవాలి. మాకు నీళ్ళంటే మార్కండేయ నది, నిండితే కృష్ణగిరి డ్యాం. అయినా 2022 జూన్‌లో చెన్నై రేవు నుంచి కార్డీలియా వాళ్ళ ఎంప్రెస్ ఓడ విహారయాత్రలు మొదలుపెట్టి విశాఖపట్నం దాకా పోయొచ్చినప్పటి నుంచీ, పిల్లాజెల్లాతో ఓడలో తిరిగిరావడం అన్న ముచ్చట మావాళ్ళ చెవుల్లోనూ పడింది. తాత చిన్నకొడుక్కి సింగపూరులో ఉద్యోగం. అక్కణ్ణుంచి బయల్దేరే ఓడకు నాయనకూ అమ్మకూ టిక్కెట్లు తీశాడు. "పిల్లలకో?" అన్నాడు తాత. పరీక్షలున్నవాళ్ళూ పాస్‌పోర్టు లేనివాళ్ళూ పోగా ఐదుగురు తేలారు. తాతకు అది పటాలంలా అనిపించలేదు గానీ సర్దుకున్నాడు.

ఓడల విందులో పిల్లల్ని ఏం చేయాలన్న తగవు ప్రపంచమంతా ఉందని కోడలు ఫోనులో చదివి చెప్పింది. వర్జిన్ వాళ్ళ ఓడల్లో పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళను ఎక్కించుకోనే ఎక్కించుకోరు. "ఓడలో పిల్లలు లేకుంటే అది ఆఫీసు గదమ్మా" అన్నాడు తాత. క్వీన్ మేరీ 2లో పిల్లలకు సాయంత్రమే వేరుగా తిండి పెట్టేసే ఏర్పాటుంది, ఆ తరవాత పెద్దలు సూట్లేసుకుని విందుకు కూర్చోవచ్చు. "పిల్లోళ్ళకు పెట్టేసి, వాళ్ళకు కనబడకుండా మనం తినేదా?" అన్నాడు. 1998 నుంచి నడుస్తున్న డిస్నీ ఓడల్లో కుటుంబం పూటకో భోజనశాలకు మారుతుంది, వడ్డించేవాళ్ళూ వాళ్ళతోపాటే మారతారు. ఇది నచ్చింది. "వాడికి మన చిన్నోడి ఆకలి తెలిసుంటుంది." ఆరు నెలలు నిండని బిడ్డల్ని చాలా ఓడల్లో రానివ్వరు అన్నది అన్నిటికన్నా నచ్చింది. "అన్నప్రాశన అయినంక రమ్మంటారు. పద్ధతి తెలిసినోళ్ళే."

ఓడలో రెండోరాత్రి ఫార్మల్ డిన్నర్. మగవాళ్ళు కోటు, ఆడవాళ్ళు పట్టుబట్టలు అని గదిలో చీటీ పెట్టారు. కొడుకు కోటు తెచ్చిచ్చాడు. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పెట్టె అడుగు నుంచి పెద్దకొడుకు పెళ్ళినాటి జరీపంచె తీశాడు. "దీనికన్నా ఫార్మల్ యాడుంది?" పిల్లలకోసం వేరే ఆటలగది ఉంది, అక్కడ వదిలిపెడితే చూసుకుంటారు అంది కోడలు. "హాస్టల్లో వేసేదానికి ఇంతదూరం తోలుకొస్తామా?" అన్నాడు.

బల్లమీద తెల్లగుడ్డ, పువ్వులా మడిచిన నాప్‌కిన్లు, పళ్ళేనికి ఇటూ అటూ చెంచాలు, ముళ్ళచెంచాలు, కత్తులు. చిన్నోడు నాప్‌కిన్ తీసి తలకు పాగా చుట్టాడు. మనవరాలు ముళ్ళచెంచాలన్నీ పోగుచేసి లెక్కపెట్టింది. పక్కబల్లల వాళ్ళు ఇటు తిరిగి, ఇక మన భోజనం అయినట్టే అన్నట్టు మొహాలు పెట్టారు. తాత టవలు దులిపి భుజాన వేసుకుని ఒక్కమాట అన్నాడు: "బంతి."

ఐదుగురూ సర్దుకుని కూర్చున్నారు. చేతులు ఒళ్ళోకి పోయాయి. సూపు వచ్చింది. ఆఖరి మనిషి ముందు పెట్టేదాకా ఎవరూ ముట్టలేదు. వడ్డించే ఫిలిప్పీన్స్ కుర్రాడు ఏదో లోపముందనుకుని రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. వద్దనుకున్నప్పుడు పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టారు, అరవలేదు. ఆ ఘడియలోనే పక్కబల్ల పిల్లవాడి ట్యాబ్‌లో చార్జి అయిపోయింది. వాడి కేకకు హాలంతా తల తిప్పింది. తాత తిప్పలేదు. బంతిలో పక్క ఆకు చూడగూడదు.

అయితే అంతా సవ్యంగా జరిగిందనుకోకండి. ఒక్కో పదార్థానికీ మధ్య పావుగంట ఆలస్యం తాతకు అర్థం కాలేదు. "సరుకు తక్కువైందా? అడిగి చూడు, మన పిల్లోళ్ళు సాయం పడతారు" అన్నాడు కొడుకుతో. ఏదైనా ఇంకోసారి అడిగితే మళ్ళీ తెచ్చిపెడతారని, దానికి డబ్బు లేదని రెండో మనవడు కనిపెట్టాక, ఐస్‌క్రీము మూడు భాషల్లో నాలుగుసార్లు తిరిగొచ్చింది. చివర పిల్లలు నాప్‌కిన్లను పళ్ళేల మీద పరిచి, తమ దిక్కుకు మడిచి లేచారు. వడ్డించిన కుర్రాడు బిక్కమొహం వేసుకుని, వంట బాగాలేదా అని అడిగాడు. బాగుందని చెప్పడమే అది, అని కోడలు ఇంగ్లీషులో సర్దిచెప్పింది.

తాత మాత్రం హాలు గుమ్మం దగ్గర నిలబడి ఎవరికోసమో వెతుకుతున్నాడు.

"ఏం కావాల నాయనా?"

"మొయ్యి రాసేవాళ్ళు యాడ కూర్చోనుండారు?"

ఇక్కడ మొయ్యి లేదని, వడ్డించేవాళ్ళ బహుమానం రోజుకింత అని తలకొక లెక్కన ఖాతాలో పడుతుందని, పిల్లల తలలూ ఆ లెక్కలోనివేనని కొడుకు చెప్పాడు. తాత చాలాసేపు మాట్లాడలేదు. తిన్న ప్రతి ఆకుకూ ఒక మొయ్యి వసూలుచేసే ఊరు ఒకటుంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఆ రాత్రి నోటుపుస్తకంలో 'ఓడ' అని రాసి, ఎదురుగా మొత్తం వేసి, కింద గీత గీశాడు. వాళ్ళింట్లో కార్యమైతే పిలవకపోతారా అని ఇప్పటికీ చూస్తున్నాడు.

నవ్వుకోవడానికి తాతలో చాలా ఉంది. మెడమీద ఊపిరి తగిలినవాళ్ళకు కోపమూ ఉంది, అది న్యాయమే. కానీ ఒకటి చెప్పాలి. తాత పిల్లల్ని హాల్లోకి వదిలేసి తాను ముచ్చట్లలో పడడు. ఎవడైనా ఏడిస్తే తన ఆకు వదిలి లేచి, వాణ్ణి ఎత్తుకుని బయటికి పోయేదీ తాతే. మొదటి పటాలంలోని పెద్దమనవళ్ళిద్దరు ఇప్పుడు ఊరి పెళ్ళిళ్ళలో వడ్డనకు నిలబడుతున్నారు. ఏ ఆకులో ఏది అయిపోయిందో అడగకుండానే చూసి వేస్తారు. పిల్లలొస్తే విందు పాడవుతుందని వాళ్ళను ఇంట్లో పెట్టి తాళం వేసేవాళ్ళూ, తెచ్చి ఫోనుకు అప్పగించేవాళ్ళూ రేపు తమ ఇంటి పెళ్ళిలో వడ్డనకు ఎవరిని పిలుస్తారో చూడాలి. బహుశా కాంట్రాక్టరును.

మీ ఇంట్లో కార్యముంటే నేనిచ్చే సలహా ఒక్కటే. పటాలం తాత మీకూ ఒకడుంటాడు, ఆయన్ని ఆపలేరు. ఆకుల మండీలో చెప్పేటప్పుడు తొమ్మిది ఎక్కువ చెప్పండి. అన్నీ నిండాకులే.